చలికాలమంతా మూసి ఉండే కేబిన్‌కు మన్నికైన నేల ఎంచుకోవడం ఎలా

మీరు మినియాపొలిస్ పరిసరాల్లో నివసిస్తూ, ఉత్తరాన ఈలీ, టవర్ అనే ఊళ్ళ వైపు సరస్సు ఒడ్డున చిన్న చెక్క కేబిన్ కొనుక్కున్నారని అనుకుందాం. వేసవిలో వారాంతాలకు వెళతారు. చలికాలంలో ఒకటి రెండు సార్లు వెళ్ళి, కట్టెల పొయ్యి రాజేసుకొని రెండు రాత్రులు గడిపి వస్తారు. మిగిలిన రోజుల్లో కేబిన్ తాళం వేసి ఉంటుంది, లోపల ఏ హీటరూ నడవదు. ఆ ప్రాంతపు చలి ఎటువంటిదో చెప్పడానికి ఒక్క అంకె చాలు: టవర్ దగ్గర 1996 ఫిబ్రవరి 2న ఉష్ణోగ్రత మైనస్ 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు మైనస్ 51 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. మిన్నెసోటా రాష్ట్రంలో ఇంతవరకు నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత అదే.

అందుకే దుకాణానికి వెళ్ళిన ప్రతి ఒక్కరూ ముందుగా అడిగేది, చలికి తట్టుకునే నేల ఏది అని. నేను కూడా అలాగే అడిగాను, తప్పు జవాబు తెచ్చుకున్నాను. కేబిన్‌లో నేలను పాడుచేసేది చాలావరకు చలి కాదు; తేమలో వచ్చే మార్పు, బయటికి పోయే దారి లేక లోపల చిక్కుకున్న నీరు. ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకొని ఎంచుకుంటే చౌకైన పలకలు కూడా తరాల పాటు నిలుస్తాయి. పెట్టుకోకపోతే ఖరీదైన ఓక్ కూడా రెండేళ్ళకే ఉబ్బి లేస్తుంది.

మొదటి పని: మీ కేబిన్‌లో తేమ ఎంతో తెలుసుకోండి

వానాకాలంలో మన ఊళ్ళలో తలుపులు బిగుసుకుపోవడం, ఎండాకాలంలో మళ్ళీ సులువుగా పడడం చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళమే. కర్ర గాలిలోని తేమను పీల్చుకొని వెడల్పు వైపు ఉబ్బుతుంది, తేమ తగ్గితే ముడుచుకుంటుంది. పొడవు వైపు మాత్రం దాదాపు మారదు. చలికి కూడా కర్ర కొంత ముడుచుకుంటుంది గానీ, తేమ వల్ల వచ్చే మార్పు ముందు అది చాలా చిన్నది.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. చలికాలంలో ఇల్లు పొడిబారిపోతుందని మనకు అలవాటైన భావన. అది హీటర్ నడిచే ఇంటికి మాత్రమే వర్తిస్తుంది. మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ గాలిని లోపలికి తెచ్చి 20 డిగ్రీలకు వేడి చేస్తే దాని సాపేక్ష తేమ, అంటే ఆ వేడి దగ్గర గాలి పట్టగల తేమలో నిజంగా ఉన్న వంతు, 10 శాతం కన్నా దిగువకు పోతుంది. వేడి చేయని కేబిన్‌లో ఆ పని జరగదు. బయటి గాలిలో సాపేక్ష తేమ 70, 80 శాతం ఉంటే లోపల కూడా దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి వేడి చేసే ఇంట్లో కర్రలోని తేమ 6 నుంచి 9 శాతం మధ్య ఉంటే, మూసి ఉన్న కేబిన్‌లో అది 12 నుంచి 15 శాతం దాకా ఉంటుంది. దుకాణంలో దొరికే చెక్క పలకల్లో చాలావరకు మొదటి రకం ఇంటి కోసం బట్టీలో ఆరబెట్టినవే.

దీని పర్యవసానం లెక్క వేసి చూడండి. ఉత్తర అమెరికాలో విరివిగా దొరికే రెడ్ ఓక్, మామూలు కోతలో, కర్రలోని తేమ 1 శాతం పెరిగితే వెడల్పులో సుమారు 0.37 శాతం ఉబ్బుతుంది. 4 మీటర్ల గదిలో 8 శాతం తేమ ఉన్న పలకలను సందు లేకుండా బిగించి పరిస్తే, అవి 13 శాతానికి చేరేసరికి ఆ నేల మొత్తం 74 మిల్లీమీటర్లు పెరగాలని చూస్తుంది. నాలుగు వేళ్ళ వెడల్పు అది. గోడలు ఆ చోటు ఇవ్వవు కాబట్టి నేల పైకి లేస్తుంది. పనివాళ్ళు మేకులు సరిగా కొట్టలేదని తిట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే ఆ ఒత్తిడిని ఏ మేకూ ఆపలేదు.

అందువల్ల ఏదైనా కొనడానికి ముందు, ఉష్ణోగ్రతను, తేమను నమోదు చేసే చిన్న పరికరాన్ని కేబిన్‌లో నేలకు దగ్గరగా పెట్టి ఒక శీతాకాలం, ఒక వసంతం గడవనివ్వండి. బ్యాటరీ పేకెట్ మీద అది ఎంత చలి వరకు పనిచేస్తుందో చూసి కొనండి. లిథియం బ్యాటరీలు గడ్డకట్టే చలిలో మామూలు వాటికంటే బాగా నిలుస్తాయి. దానితోపాటు చెక్కలో సూదులు గుచ్చి తేమ కొలిచే మీటరు కూడా కొనుక్కోండి. నేల మీద పెట్టబోయే ఖర్చుతో పోలిస్తే ఈ రెండింటి ధర చాలా తక్కువ.

రెండవ పని: పైనున్న నేలకంటే ముందు కిందనున్న నేలను చూడండి

ఒక టార్చి తీసుకొని కేబిన్ కిందికి దూరండి. ఉత్తర మిన్నెసోటాలో పునాది అడుగు భూమిలో 60 అంగుళాల లోతున ఉండాలన్నది భవన నిబంధన. దక్షిణ భాగంలో 42 అంగుళాలు. నేలలోని నీరు గడ్డకట్టి మట్టిని పైకి తోసే లోతు అంత ఉంటుంది గనుకనే ఆ నిబంధన. పాత కేబిన్లలో చాలా వాటిని, అంత లోతుకు పోని దిమ్మెల మీద, కొన్ని చోట్ల కేవలం సిమెంటు ఇటుకల మీద నిలబెట్టారు. అవి ప్రతి చలికాలం కొద్దిగా పైకి లేచి, వసంతంలో కిందికి దిగుతాయి, అన్నీ సమానంగా దిగవు. గదికి నాలుగు మూలలా లెవెల్ పెట్టి శరదృతువులో ఒకసారి, మార్చిలో ఒకసారి కొలిచి రాసుకోండి. రెండు కొలతల మధ్య తేడా కనిపిస్తే టైల్స్ ఆలోచన అక్కడితో మానుకోవడం మంచిది.

కేబిన్ కింది చోటు చుట్టూ మూసి ఉండి, అడుగున మట్టి నేల ఉంటే దాని మీద 6 మిల్ (సుమారు 0.15 మిల్లీమీటర్ల) మందపు పాలిథీన్ పట్టా పరిచి, అంచులు ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేయండి. మట్టి నుంచి లేచే ఆవిరి దూలాలకు పట్టకుండా అది అడ్డుకుంటుంది. దూలాల మధ్య ఇన్సులేషన్ నింపదలచుకుంటే, ఎలుకలు గూడు కట్టని పదార్థం చూసుకొని, కింది వైపు సన్నని ఇనుప జాలీ బిగించండి. ఒక జాగ్రత్త మాత్రం మరవకండి: చెక్కకు పైనా కిందా రెండు వైపులా ప్లాస్టిక్ పొర వేసి మధ్యలో బంధించకూడదు. ఏదో ఒక వైపు నుంచి అది ఆరగలగాలి.

పలకల కింద పరిచే ప్లైవుడ్ ముప్పావు అంగుళం మందంతో, బయటి వాడకానికి తగిన జిగురుతో తయారైనది కావాలి. షీట్ల మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదలండి. ఇప్పటికే ఉన్న షీట్ల అంచులు ఉబ్బి గట్లు కట్టి ఉంటే, వాటి మీద కొత్త నేల వేసి దాచడం కన్నా ఆ షీట్లు మార్చడమే చివరికి తక్కువ ఖర్చు.

మూడవ పని: పదార్థం ఎంచుకోండి

ముందుగా వద్దనదగినవి చెబుతాను. లామినేట్ అనేది పైన బొమ్మ ముద్రించిన కాగితం, లోపల పొడి కొట్టి ఒత్తిన చెక్క పీచు. ఏప్రిల్ చివర మంచు కరిగే రోజుల్లో వెచ్చని, తేమతో నిండిన గాలి తలుపు సందుల్లోంచి లోపలికి వస్తుంది. నేల మాత్రం ఇంకా చలికాలపు చల్లదనంతోనే ఉంటుంది. చల్లని నీళ్ళ చెంబుకు బయట చెమట పట్టినట్టే నేలకు చెమట పడుతుంది. ఆ నీరు కీళ్ళలోకి దిగితే లామినేట్ అంచులు ఉబ్బుతాయి, ఆరిన తరువాత కూడా మళ్ళీ అణగవు. మా కేబిన్‌లో మొదట పరిపించినది అదే; రెండో వసంతానికి కీళ్ళన్నీ వేలికి తగిలేలా లేచాయి. గోడ నుంచి గోడకు పరిచే కార్పెట్ కూడా వద్దు. అది తేమను పట్టి ఉంచుతుంది, ఎలుకలకు పరుపు అవుతుంది. పలుచని చెక్క పొరలను అతికించి చేసే ఇంజినీర్డ్ పలకలు వినడానికి అనుకూలంగా అనిపిస్తాయి, నిజానికి అవి ఒంటి చెక్క కన్నా తక్కువ కదులుతాయి. అయితే గదిలో తేమ ఏడాది పొడవునా ఒక హద్దులో ఉండాలన్నది వాటి తయారీదారుల షరతు, ఆ షరతు మీ కేబిన్ తీర్చలేదు.

వినైల్ విషయం కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే దుకాణాల్లో ఎక్కువగా చూపించేది అదే. వినైల్‌కు నీటి భయం లేదు. దానికి ఉన్న బాధ నిజంగా ఉష్ణోగ్రతతోనే. వినైల్‌ను తయారుచేసే మామూలు పీవీసీ ప్లాస్టిక్ ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు మీటరుకు 0.05 నుంచి 0.08 మిల్లీమీటర్ల దాకా మారుతుంది. జూలైలో 25 డిగ్రీల వద్ద పరిచిన 5 మీటర్ల నేల జనవరిలో మైనస్ 30కి చేరితే 14 నుంచి 22 మిల్లీమీటర్ల దాకా కుంచించుకుపోవాలి. పూర్తిగా జిగురుతో అతికించిన షీటు అయితే కదలలేక చిట్లుతుంది, పైగా ఆ చలిలో పీవీసీ పెళుసుబారి ఉంటుంది, బరువైన వస్తువు పడితే పగులుతుంది. సున్నపురాయి పొడి కలిపి గట్టిగా చేసిన, ఎస్‌పీసీ అని పిలిచే పలకలు ఇంతకంటే తక్కువ కదులుతాయి. వాటిని జిగురు లేకుండా, ఒకదానికొకటి తగిలించి, గోడల దగ్గర సందు వదిలి తేలేలా పరుస్తారు. ఇది పనికొచ్చే మార్గమే, అయితే రెండు షరతులున్నాయి. కొనేముందు అమర్చే విధానం తెలిపే పుస్తకం తెరిచి, వేడి చేయని భవనంలో వాడవచ్చునని స్పష్టంగా రాసి ఉందో లేదో చదవండి; చాలా కంపెనీలు ఏడాదంతా గది ఉష్ణోగ్రత ఫలానా హద్దుల్లో ఉండాలంటాయి, లేకపోతే వారంటీ చెల్లదంటాయి. అమ్మే మనిషి నోటి మాట దీనికి చాలదు. రెండవది, వంటగది అల్మరాలను, బరువైన పొయ్యిని ఆ పలకల మీద నిలబెట్టకండి. ఒకచోట బరువుతో నొక్కి ఉంచితే నేల ఆ చోటు నుంచి లాగబడి, ఇంకోచోట కీళ్ళు ఊడతాయి. అల్మరాలు ముందు బిగించి, వాటి చుట్టూ నేల పరచాలి.

పింగాణీ టైల్ గురించి మనవాళ్ళకు ప్రత్యేకమైన మక్కువ ఉంటుంది, షాబాదు బండలో గ్రానైటో ఉన్న ఇళ్ళలో పెరిగాం కదా. టైల్‌కు చలి వల్ల చేటు లేదు, అది నీరు పీల్చకపోతే. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి, టైల్ లోపలికి ఇంకిన నీరే దాన్ని పగలగొడుతుంది. పోర్సెలిన్ అనిపించుకోవడానికి నీటి శోషణ 0.5 శాతం మించకూడదు. పెట్టె మీద ఆ అంకె చూసి కొనండి. అయినా అసలు కష్టం టైల్‌లో లేదు, దాని కింద ఉంది. మంచుకు లేచి దిగే దిమ్మెలు, నడిస్తే ఊగే దూలాలు ఉన్నచోట ఎంత మంచి టైలైనా కీళ్ళ వెంట విచ్చుకుంటుంది. గట్టి కాంక్రీటు పునాది ఉంటే నిరభ్యంతరంగా వేసుకోండి. చెక్క నేల అయితే పొయ్యి ముందు, తలుపు దగ్గర చిన్న మేరకు, టైల్‌కూ ప్లైవుడ్‌కూ మధ్య కదలికను విడదీసే పొర వేసి పరిమితం చేసుకోండి.

ఇక నా సిఫారసు. దిమ్మెల మీద నిలబడిన మామూలు చెక్క కేబిన్‌కు, మేకులతో బిగించిన మెత్తరకపు కర్ర పలకలే అన్నిటికన్నా సరైనవని నా నిశ్చితాభిప్రాయం. డగ్లస్ ఫర్ గానీ, స్థానికంగా దొరికే రెడ్ పైన్, వైట్ పైన్ గానీ చూడండి. గట్టిదనంలో ఓక్‌కు ఇవి సాటిరావు, కుర్చీ కాళ్ళ గుర్తులు పడతాయి. కానీ గట్టిదనం వేరు, నిలకడ వేరు. తేమ 1 శాతం మారితే డగ్లస్ ఫర్ 0.27 శాతం, వైట్ పైన్ 0.21 శాతం మాత్రమే కదులుతాయి. అంచు చూస్తే వలయాలు నిలువుగా కనిపించేలా కోసిన పలకలు దొరికితే ఆ కదలిక ఇంకా తగ్గుతుంది, ధర మాత్రం పెరుగుతుంది. వెడల్పు 80 మిల్లీమీటర్ల చుట్టూ ఉండనివ్వండి. వెడల్పాటి పలకలు చూడ ముచ్చటగా ఉంటాయి గానీ, ఒక్కో కీలు దగ్గర అంతే పెద్ద సందు చూపిస్తాయి.

నాలుగవ పని: పలకలను కేబిన్‌కు అలవాటు పడనివ్వండి

పలకలు తెచ్చిన రోజే బిగించకండి. ప్లాస్టిక్ చుట్ట విప్పి, పేర్చిన వరుసల మధ్య సన్నని కర్రముక్కలు పెట్టి, గాలి ఆడేలా నాలుగైదు వారాలు, వీలైతే వేసవి మొత్తం, హీటర్ వేయకుండా కేబిన్‌లో ఉంచండి. హీటర్ వేసి అలవాటు చేయడం వేడి చేసే ఇంటికి తగిన పద్ధతి. ఇక్కడ అది హాని చేస్తుంది. వారానికోసారి మీటరుతో కొలవండి. అంకె మారడం ఆగి, 11, 12 శాతం దగ్గర నిలిచి, కింది ప్లైవుడ్‌తో తేడా 2 శాతానికి లోపు ఉన్నప్పుడు పని మొదలుపెట్టవచ్చు.

ప్లైవుడ్ మీద పాలిథీన్ కాకుండా, తారు పూసిన ఫెల్టు కాగితం పరచండి. గోడల చుట్టూ 19 మిల్లీమీటర్ల సందు వదలండి, గోడ అడుగున కొట్టే చెక్క పట్టీ, అంటే బేస్‌బోర్డు, దాన్ని కప్పేస్తుంది. ఆ బేస్‌బోర్డును గోడకే కొట్టాలి, నేలకు కాదు. ఒక్కో పలకకూ మధ్య బ్యాంకు కార్డు పట్టేంత సందు ఉంచండి. దాని మందం 0.76 మిల్లీమీటర్లు. 80 మిల్లీమీటర్ల డగ్లస్ ఫర్ పలకలో తేమ 12 నుంచి 15 శాతానికి పెరిగితే, పలక దానికి కొంచెం తక్కువే ఉబ్బుతుంది. కొత్తలో ఆ గీతలు కంటికి తెలుస్తాయి, పనిమంతుడైన వడ్రంగి కూడా ఇదేమిటని అడుగుతాడు, తగ్గకండి. మేకులు పలక అంచున, 20 నుంచి 25 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున, వీలైనచోట దూలాల మీద పడేలా కొట్టించండి.

పైపూత విషయంలో, మందంగా పొర కట్టే వార్నిష్ కన్నా లోపలికి ఇంకే టంగ్ ఆయిల్ లేదా లిన్‌సీడ్ ఆయిల్ మేలు. పొర కట్టే పూతలు కొన్ని కీళ్ళలోకి దిగి నాలుగైదు పలకలను ఒకటిగా అతికిస్తాయి, తరువాత కర్ర ముడుచుకున్నప్పుడు ప్రతి కీలు దగ్గరా సన్నని గీతకు బదులు ఒకేచోట పెద్ద చీలిక పడుతుంది. నూనె పూతను అరిగినచోట మాత్రమే మళ్ళీ రాసుకోవచ్చు. పసుపు మరక త్వరగా పడుతుందన్న లోపం ఉంది కాబట్టి, వంట చేసే మేర పోర్చ్ నేలలకు వాడే ఎనామిల్ రంగు వేయించుకోవచ్చు. నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చేసి మూల పడేయవద్దు. ఆరే నూనె తనంతట తాను వేడెక్కి నిప్పు అంటుకుంటుంది. వాటిని ఆరుబయట పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్ళు నింపిన ఇనుప డబ్బాలో వేసి మూతపెట్టండి.

గుమ్మం దగ్గర, పొయ్యి ముందర

మనం చెప్పులు గుమ్మంలోనే విడుస్తాం కాబట్టి మంచు నీళ్ళన్నీ ఆ ఒక్క చోటే కారతాయి. పాత టైర్ల రబ్బరుతో చేసిన 8 మిల్లీమీటర్ల చుట్ట కొంత కోయించి అక్కడ పరచండి. మైనస్ 30లో కూడా అది మెత్తగానే ఉంటుంది. బయలుదేరేముందు మాత్రం ఎత్తి కింద తుడవాలి. కట్టెల పొయ్యి కింద మంటకు అంటుకోని పీట తప్పనిసరి, పొయ్యి తలుపు ముందు అది కనీసం 18 అంగుళాలు బయటికి రావాలి. మీ పొయ్యి పుస్తకం ఇంకా ఎక్కువ చెబితే దాన్నే పాటించండి.

తాళం వేసేముందు, తాళం తీసేటప్పుడు

శరదృతువులో మూసేటప్పుడు పైపుల్లో నీళ్ళు పూర్తిగా వదిలేయండి, ఎందుకంటే ఒక్క పైపు పగిలితే పైన చెప్పిన జాగ్రత్తలన్నీ వృథా అవుతాయి. చిన్న రగ్గులు చుట్టి తీగ మీద వేలాడదీయండి. నేలను బాగా పిండిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే తలుపు వేయండి. బకెట్టు నీళ్ళు పోసి కడిగే అలవాటు ఇక్కడ పనికిరాదు.

చలికాలంలో వెళ్ళినప్పుడు పొయ్యిని ఒక్కసారిగా మండించి రెండు గంటల్లో గదిని కొలిమి చేయకుండా, ఒక పూట సేపు నెమ్మదిగా వేడెక్కించండి. రెండు రోజుల వేడికి పలకల లోపలి తేమ పెద్దగా మారదు, పైభాగం మాత్రం ఆరుతుంది, అందువల్ల అక్కడక్కడ సన్నని గీతలు కనిపిస్తాయి. వాటిలో పుట్టీ నింపకండి. జూన్ నాటికి అవి మూసుకుంటాయి, నింపిన పుట్టీ ఉంటే పలకలు దాన్ని ఒత్తి బయటికి తోస్తాయి. వసంతంలో కిటికీలు తెరవడానికి పొడిగా, గాలి వీచే రోజును ఎంచుకోండి. ఉక్కపోసే రోజున నేల ఇంకా చల్లగా ఉంటే కిటికీలు మూసే ఉంచి, మరుసటి పొడి రోజు దాకా ఆగండి.

పలకలు కొనేటప్పుడు పది శాతం అదనంగా తీసుకొని, మిగిలినవాటిని నగరంలోని ఇంటి గ్యారేజీలో కాకుండా కేబిన్ అటకమీదే దాచండి. అయిదేళ్ళ తరువాత ఒక పలక మార్చవలసి వస్తే, ఆ గాలికే అలవాటుపడిన పలక అదే రోజున బిగించడానికి సిద్ధంగా ఉంటుంది.